సంత్ర రంగు దారం

దేవరకొండల, బస్టాండు ఎనుక, దారాల దుకాణంల
నాలుగు ఉండలు నా ముంగట పెట్టిండు విఠలయ్య.
ఆకుపచ్చ. మన్ను రంగు. నల్లది.
ఇంకోటి సంత్ర రంగు, కండ్లల్ల గుచ్చుకునేది.
"చేపలకా, చెవులపిల్లికా?" అనడిగిండు.
"పందిరికి" అన్న.
పక్కన ఖాకీ ప్యాంటాయన నిలవడి ఉండె మరి.
ఫారెస్టాయనో, ఇంకెవరో, ఏం తెలుస్తది?

మా తాత కాలంల ఈ తిప్పలే లేదు.
జనుముకు ఒక్కటే రంగు, ఎండిన గడ్డిది.
దాన్ని తంగేడు చెక్కతోని ఉడికిచ్చి
తుమికి కాయ రసంల మూడు రాత్రులు నానేసి తీస్తే
మన ఎర్రచెల్కే లేచి
ముడులు ఏసుకున్నట్టుండేది.
ఆ వాసన పోయేదాంక వల గట్టనిచ్చేటోడు కాదు:
"దానికి కండ్లకంటె ముందు ముక్కు మేలుకుంటది."

నైలాను ఒచ్చినంక మొదలైంది రంగుల కొట్లాట.
బుడ్డయ్య మామది ఆకుపచ్చ పక్షం.
పరికి పొదల ఆకుపచ్చ, బలుసు కింద ఆకుపచ్చ,
ఇంకేం గావాలె అంటడు.
"మరి మాఘంల?" అంటది ఈదమ్మత్త.
మాఘంల చందంపేట గుట్టలు
పెనం మీద మాడిన రొట్టె లెక్కుంటయి,
అండ్ల నీ ఆకుపచ్చ, సావుకాడికి
చమ్కీ చీర కట్టుకొచ్చినట్టు.
వాళ్లిద్దరి నడుమ నేను ముడులు ఏసుకుంట కూసునేది,
గడెకు నాలుగేళ్లు పట్టాలె, అయిదైతే పిల్ల జారిపోతది.

ఒకసారి పల్లిచేన్ల బోర్ల పండుకొని చూసిన,
చెవులపిల్లి ఎత్తుల గదుమ మట్టికి ఆనిచ్చి.
పొద్దుగూకినంక
ఆకుపచ్చ లేదు, మన్ను రంగు లేదు, మామ లేడు, అత్త లేదు.
కదిలేదొకటి, కదలందొకటి.
గాలికి వల ఊగింది. గంతే కనవడ్డది నాకు.

ఆ ఏడు యాభై కట్టి
నలభై తొమ్మిది ఏరుకొచ్చినం.
మామ బ్యాటరీ పట్టుకొని కోడికూసేదాంక ఎతికిండు,
తను మెచ్చి కొన్న రంగును తనే తిట్టుకుంట.
రేపు చూద్దామన్నడు. రేపు ముసురు.
ఎల్లుండి కూలి పని. అటెన్క యాది మరిచినం.

వేసంగిల మ్యాకలోళ్ల పిలగాడు పిలుచుకపోయిండు.
పొద ఎండిపోయింది, ఆకు రాలిపోయింది,
వల ఒక్కటే పచ్చగ ఉన్నది.
లోపట చెవులపిల్లి బొక్కలు, సన్నయి, అగ్గిపుల్లల లెక్క.
దాన్ని తినొచ్చి చిక్కిన ముంగి ఒకటి, పైన.
మనం ఇంట్ల పండుకుంటె
అది ఇన్ని నెలలు పండుకోలే.
జనుమైతే చెదలన్న తిని ఇడిచిపెట్టేటియి.

మామ ఏం అనలే.
కొడవలితోని కోసి, ముక్కలు అంగీ జేబుల పెట్టుకున్నడు.
ఆ అంగీ మళ్ల తొడుగంగ నేను చూడలే.
ఈదమ్మత్త మాత్రం రాత్రి, పొయ్యికాడ,
ఎవరితోని చెప్తున్నట్టో గాదు:
"కనవడకపోవాల్సింది దానికి.
మనకు గాదు."

విఠలయ్య గాజుపెట్టె మీద ఏళ్లు ఆడిస్తుండు.
సంత్ర రంగు ఉండ చేతుల తీసుకున్న.
"గిది పెడితె పిట్ట గూడ దగ్గరికి రాదమ్మా" అన్నడు,
పందిరి ముచ్చట మరిచి.
ఖాకీ ప్యాంటాయన కొస పట్టి గుంజి చూసిండు.
"గట్టిగున్నది. దూరంకెల్లి కనవడ్తది" అన్నడు.
"గందుకే" అన్న.
నూట నలభై. పది తక్కువ చేసిండు.

బస్సెక్కితే
టికెట్లు కొట్టుకుంట ఆయనే వచ్చిండు.
సంచిలకెల్లి తొంగిచూస్తున్న దారం దిక్కు చూసి
మెల్లగ అడిగిండు,
"ఎన్ని పందిళ్లు?"
"యాభై" అన్న.
చిల్లర లెక్కపెట్టుకున్నట్టు ఇంకోసారి, నాకే వినవడేటట్టు,
యాభై.