కడుపులో మాట

ఏం ఉద్యోగమని పిల్లనిచ్చే మామ అడిగితే
"ఆసుపత్రిలో" అన్నాను.
అబద్ధం కాదు. మిగతాది మింగేశాను.

మత్లబ్‌లో, ధనాగొదా నది మలుపు తిరిగే చోట,
రాత్రంతా బకెట్ల మధ్య తిరిగేవాణ్ణి.
కలరా మంచానికి నడుమ ఒక రంధ్రం,
రంధ్రం కింద బకెట్,
బకెట్‌లో గంజినీళ్ళై కారిపోతున్న మనిషి.
అందులోంచి చెంచాడు తీసి
సీసా మీద పేరు రాసి
మంచుపెట్టెలో పెట్టడం నా పని.

భాద్రపదం చివర్లో షాప్లాని తెచ్చారు.
తొమ్మిదేళ్ళు.
చర్మం గిల్లితే గిల్లినట్టే నిలబడిపోయింది.
తండ్రి లాల్ చాన్ ఇసుక పడవ నడుపుతాడు,
"పొద్దున చేప తిన్నది, మామూలుగానే తిన్నది" అని
అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాడు.
నర్సు మొర్జినా తలెత్తలేదు.
నరం కోసం వెతుకుతోంది.

మొదటిరోజు సీసా. రెండోరోజు సీసా.
మూడోరోజు నీళ్ళలో కాస్త రంగు.
మీకు నవ్వొస్తుందేమో,
ఆ పసుపు చూసి మేం పండగ చేసుకుంటాం.

ఢాకా నుంచి వచ్చిన దిల్‌షాద్ అపా
టీ గ్లాసు అడుగుతో బల్ల మీద తడి గుండ్రాలు వేస్తూ చెప్పింది:
కలరా పురుగుకి వేళ్ళు లేవు, అయినా లెక్క తెలుసు.
ప్రతిదీ ఓ చిన్న అణువుని బయటికి వదులుతుంది,
చుట్టూ ఎంత పోగైందో రుచి చూస్తుంది.
పలచగా ఉంటే, ఇల్లు ఖాళీ, దోచుకో.
చిక్కగా ఉంటే, జనం ఎక్కువయ్యారు, మూట కట్టు.

"మరి మంచి పురుగులో?"
అవీ మాట్లాడతాయి.
కోలుకుంటున్న పేగులోకి తిరిగొచ్చే వాటిలో ఒకటి
అలాంటి మాటే వదులుతుంది.
అది తగిలితే కలరా పురుగు కత్తి దించుతుందట.
"ఎలుకల్లో చూశారు. ఏ చెవితో వింటుందో
ఇంకా పూర్తిగా తేలలేదు" అంది అపా,
తెలియదని చెప్పడానికి సిగ్గుపడకుండా.

ఆ మాటలో ఒకే ఒక్క బోరాన్ ఉంటుందట.
బోరాన్ నాకు పాత పరిచయమే!
సలీముద్దీన్ టీకొట్టు వెనక కేరమ్ బల్ల మీద
వానాకాలం కాయలు మొరాయిస్తే
చల్లే తెల్లపొడిలో ఉండేది అదే.
చిటికెడు చాలు,
ఎర్రకాయ చెప్పినమాట విన్నట్టు
గుంటలోకి జారిపోతుంది.

ఆ రాత్రి షాప్లా పొట్ట మీద చెవి ఆనించబోయి మానుకున్నాను,
తండ్రి చూస్తున్నాడు.
లోపల వరద తీసిన లంక.
ఇళ్ళు పోయాయి, గట్లు పోయాయి.
ఏ మడతలోనో మిగిలిన నలుగురు
బురదలో నిలబడి చీకట్లోకి కేకేస్తుంటారు,
ఎవరున్నారు? ఇంకా ఎవరున్నారు?
జవాబు రాకపోతే మళ్ళీ.
మా మేఘ్నా లంకల్లో అలాగే లెక్క చూసుకుంటారు,
కేక తిరిగొచ్చేదాకా పొయ్యి వెలిగించరు.

ఐదోరోజు ఆ పిల్ల పచ్చిమిరపకాయతో అన్నం అడిగింది.
మొర్జినా తిట్టింది. తిడుతూనే అన్నం కలిపింది,
మిరపకాయ మాత్రం లేకుండా.

వెళ్ళేరోజు లాల్ చాన్ నా పెట్టె వైపు చూపించి
"దాన్నేం చేస్తారు?" అని గొంతు తగ్గించి అడిగాడు.
"వింటాం" అన్నాను.
నా వంక కాసేపు చూసి,
"నీ కడుపు చల్లగుండ" అన్నాడు.
చల్లగానే ఉంది,
మంచుపెట్టె పొట్టకి ఆనుకునే ఉంది.

పడవ కదిలింది. నది నడిమికి చేరాక
అవతలి ఒడ్డుకి చేతులు దోనె చేసి
ఓ... అని అరిచాడు.
ఏమీ లేదు. పొగమంచు.
మళ్ళీ అరిచాడు.
రెల్లు వెనక నుంచి ఒక గొంతు.
నేను మెట్ల మీదే నిలబడి లెక్కపెట్టాను.
ఒకటి.
ఆగి, ఇంకొకటి.