ఉమ్మడిగానూ విడివిడిగానూ

మిసెస్ స్నెల్‌గ్రోవ్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని
నాలుగో పేజీ మీద వేలు పెట్టింది.
"ఇక్కడేం రాసుందో చదువు."
ఉమ్మడిగానూ విడివిడిగానూ.
"అంటే?"
"అంటే కార్మెల్ నోజ్‌వర్తీ కట్టనిది నువ్వు కట్టాలి.
నువ్వు కట్టనిది కార్మెల్ కట్టాలి.
ఇద్దరూ కట్టకపోతే నేను నా పిల్లినమ్ముకోవాలి."
కిటికీలో పిల్లి తోకైనా కదపలేదు.

మూడేళ్ళ కిందట సెయింట్ జాన్స్‌లో,
పొగమంచు రేవు దాటి ఏటవాలు వీధులెక్కుతున్న
ఒక సెప్టెంబరు పూట
ఆ మాట కింద ఇద్దరం సంతకాలు పెట్టాం,
చదవకుండానే.
మాకప్పుడు కనిపించింది పసుపు రంగు తలుపొక్కటే.

జనవరి అద్దెకి "వచ్చే వారం" అంది.
ఫిబ్రవరి అద్దెకి ఏమీ అనలేదు.
మార్చిలో ఓ పొద్దున కెటిల్ కనిపించలేదు.
మనిషి కూడా లేదని
మధ్యాహ్నానికి గాని తెలియలేదు.
తగువు పడి వెళ్ళినా బాగుండేది,
బేకరీలో చెప్పుకోడానికి ఓ కథైనా మిగిలేది.

పేరు తీసేయడం అనుకున్నంత తేలిక కాదు.
పోయినవాళ్ళే తిరిగొచ్చి
తాము పోయామని స్వహస్తాలతో రాసివ్వాలట.

బస్సులో దారి పొడుగునా వల్లెవేసుకున్నాను:
రెండు నెలల అద్దె, ఆయిల్‌లో సగం,
నువ్వు విరగ్గొట్టిన కిటికీ గడియ,
అసలు మాట్లాడకుండా ఎలా వెళ్తారు మనుషులు.
పెదాలు కదిలాయి కాబోలు,
ఎదుటి సీట్లో ముల్లంగి సంచీతో కూర్చున్న ముసలాయన
లేచి వెనక్కి వెళ్ళిపోయాడు.

వృద్ధాశ్రమం లాండ్రీ, వెనక తలుపు.
ఆవిరితో పాటే బయటికొచ్చింది కార్మెల్.
జుట్టు కత్తిరించుకుంది, ఎవరికివారు కత్తిరించుకున్నట్టు.
వల్లెవేసినవన్నీ గొంతులోనే కుక్కుకుపోయి
ఒక్కటే బయటపడింది:
"కెటిల్ పట్టుకుపోయావు."
"అది నాదే."
నిజమే. దానిదే.

ఏప్రన్ జేబులో ఫోను మోగింది.
చూడకుండానే నొక్కేసింది.
మళ్ళీ మోగింది, మళ్ళీ నొక్కేసింది.
వసంతమంతా నేను చేసిన ఫోన్లు
ఎక్కడికి పోయాయో చూశాను.

చెత్త డబ్బా మూత మీద కాగితం పరిచాం.
సదరు ఇంటిపై నాకిక
ఎటువంటి హక్కుగాని బాధ్యతగాని లేదని...
ఈసారి చదివింది. ప్రతి మాటా.
హక్కు దగ్గర ఆగలేదు.
బాధ్యత దగ్గర కాస్త ఆగింది.
చెయ్యి ఇంకా తడిగానే ఉంది,
సంతకంలో చివరి అక్షరం
తోకలా కిందికి జారింది.

నలభై డాలర్లు, నాలుగు మడతలు వేసినవి,
నా అరచేతిలో పెట్టింది. "జనవరిది."
తీసుకున్నాను.
వద్దనేంత మంచితనం
ఆ నెల నా దగ్గర లేదు.

తలుపు సగం మూసి అప్పుడడిగింది:
"మన ట్యాంకు ముల్లు ఇంకా అబద్ధాలాడుతోందా?"
"ఆడుతోంది."
"రెండుసార్లు తట్టు. మూడోసారి తడితే అలుగుతుంది."

మిసెస్ స్నెల్‌గ్రోవ్ స్కేలు పెట్టి గీత గీసింది,
కేకు కోసినంత శ్రద్ధగా.
పక్కన తేదీ వేసి కాగితం నావైపు తిప్పింది.
కింద సంతకం చేసిన మేము, అని మొదలవుతోంది.
"ఈ 'మేము' మార్చరా?"
"అచ్చులో అలాగే ఉంటుందమ్మా.
ఒక్కరున్నా మేమే. చెయ్యి."
చేశాను.

రాత్రి గాలి సముద్రం మీంచి లేచి
చెక్క గోడల సందుల్లో దూరింది.
టార్చి పట్టుకుని నేలమాళిగలోకి దిగాను.
ముల్లు సగం దగ్గర ఉంది, ధీమాగా.
ఒకసారి తట్టాను.
రెండోసారి తట్టాను.
పావుకి పడింది.
ఆ పావుతో ఎన్ని రాత్రులో లెక్కేస్తూ
మూడోసారికి చెయ్యెత్తి
దించేశాను.