తోతాపురి సెలవు

ఎరువుల అంగడోళ్ళు ఊరకే ఇచ్చిన క్యాలెండర్ని
గోడ మీంచి దించి చాప మీద పరిచినాం.
గజేంద్ర ఒక పక్క, నేనొక పక్క,
నడుమ నా కడుపు.
అది ఫిబ్రవరిని కనపడనీయలేదు.

నాకు ఇరవై ఆరు వారాలు.
చెంగల్రాయులు సారు సంతకం పెడతా అడిగినాడు:
"మళ్ళీ వస్తావు కదమ్మా?
రాకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాం."
వస్తానన్నాను.
నా బదులు కూర్చోబోయే పిల్లకి
పాలల్లో లాక్టోమీటర్ని ఎట్లా వదలాలో నేర్పిస్తా ఉన్నాను:
తొయ్యొద్దు, అదే తేలుతుంది, ఓర్చుకో.

గజేంద్రకి ఎవరూ వారాలు ఇవ్వలేదు.
గుడిపాల దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి వచ్చినన్నాళ్ళే పని.
"నాయనకి సెలవేందిరా, కనేది నువ్వా?"
మేస్త్రీ నవ్వినాడంట.
కాయ అయిపోతే ఫ్యాక్టరీ మూస్తారు.
జీతం లేని ఆ నెలల్నే
మేమిద్దరం సెలవని పిలుచుకుంటా ఉన్నాం.

ఆగస్టులో నా వారాలు అయిపోతాయి,
ఆగస్టులోనే వాళ్ళ కాయ అయిపోతుంది.
వేలు పెట్టి లెక్కేస్తే
నడుమ పదిహేడు రోజులు తేలినాయి,
ఎవరివీ కానివి.

"మే, ఈసారి పూత ముందే వచ్చింది," అన్నాడు.
"కాయ తొందరగా అయిపోవచ్చు."
"వానొస్తే?"
"పూత రాల్తాది. ఇంకా తొందరగా అయిపోతాది."
అట్లా కోరుకోకూడదని ఇద్దరికీ తెలుసు.
ఇరాల పక్కన మా మామకి పద్దెనిమిది చెట్లు.

దేశమ్మత్త ఫోన్లో చెప్పింది:
"మొదటి పాలు పిండి పారెయ్యి,
పచ్చగా ఉంటాయి, బిడ్డకి అరగవు."
నేనేమీ అనలేదు.
ఎనిమిదేళ్ళుగా నా పనీ అదే.
ఈనిన ఆవు పాలు వారం దాకా పొయ్యకూడదు,
పోస్తే, గాజుగొట్టంలో కాచినప్పుడు
గడ్డకట్టి దొరికిపోతాయి.
క్యాను మీద ఎర్రసుద్దతో అడ్డగీత, వెనక్కి.
కన్నెమ్మని ఒకామె ఆ క్యాను పట్టుకుని
"దూడ తాగినాకే తెచ్చినా పాపా,"
అని వాకిట్లో చానాసేపు నిలబడింది.
రూలు చెప్పి పంపించినాను.

మొన్న మధ్యాహ్నం,
శాంపిలు నూట పద్నాలుగు,
వెన్న శాతం రాస్తా ఉంటే
తెల్లకోటు మీద రూపాయంత మరక.
పసుపు.
షకీలా లేచి తలుపు మూసింది.
"నీదే. బెదురుకోవద్దు. కొలవనూ వద్దు."
కొలవాలనే అనిపించింది, అబద్ధమెందుకు.
ఊర్ల ఊర్ల పాలకి
మంచివో కావో చెప్పేదాన్ని,
ఆ చుక్కకి ఏ అంకె వెయ్యాలో తెలీక
కోటు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

వెనకటికి తను
పాలపొడి బస్తాల వెనక పిండుకునేదంట.
"లోపల గడియ లేదు, కుర్చీ అడ్డం పెట్టుకో."
పదివేల లీటర్లని చల్లగా దాచే చోట
గ్లాసెడు పాలకి జాగా అడగాలంటే
అర్జీ ఎవరి పేరున రాయాల?

రాత్రి లేచి చూస్తే
గజేంద్ర వంటింట్లో కింద కూర్చోని
చుట్టిన తువాలుకి ఉగ్గుగిన్నెతో నీళ్ళు పడతా ఉన్నాడు.
సగం మోకాలి మీద పోయినాయి.
వాడి వేళ్ళ నిండా
పోయినేడు సొన కాల్చిన మచ్చలు.
"ఈ చేతుల్తో పడితే బిడ్డకి మంటెత్తదు కదా?"
"అప్పటికి కాయ ఉండదు కదా," అన్నాను.
"అవున్లే," అని
మళ్ళీ గిన్నె నింపినాడు.

తెల్లారి పాలలారీ మలుపులో హారన్ కొట్టేలోగా
క్యాలెండర్ని గోడకి తగిలించినాను.
పదిహేడు గళ్ళల్లో
నాలుగింట్లో షకీలా, ఆరింట్లో అత్త,
రెండింట్లో ఒట్టి ప్రశ్నగుర్తు,
మిగతావి ఖాళీ.
అన్నీ పెన్సిలుతోనే రాసినాను.
పూత ఇంకా నిలబడలేదు.