అన్నిటికంటే పెద్ద ఫైలు

డిస్కులో సినిమా ఒక్కటే ఉండదు.
హెచ్చరికలుంటాయి, కంపెనీ గుర్తులుంటాయి,
ఇంకా రాని బొమ్మల తునకలుంటాయి,
ఏ భాషలో చూస్తావని అడిగే మెనూ ఉంటుంది.
పెండ్లికొడుకు కంటే ముందు బ్యాండుమేళం దిగినట్టు.

వనజాక్షికి అంత ఓపిక లేదు.
పగలంతా గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి లోడ్ల లెక్క రాసి
ఎన్నిసార్లు కడిగినా పోని వాసన చేతులతో
సోఫాలో కూలబడి
"మీట నొక్కితే బొమ్మ పడల్ల, అంతే" అనింది.

అంతే అనేది ఎంత పెద్ద మాటో
రిపేరు షాపోడిని అడగండి.

చర్చి వీధిలో షట్టరు సగం దించుకోని
వేలూరులో కొన్న డిస్కులన్నీ రాత్రిళ్ళు ఒలిచినాను.
పనసపండు మాదిరి. చేతికి నూనె ఒకటే తక్కువ.
ఒక్కో పండుకు నలభై జీబీలు, ఒక్కోసారి తెల్లారిపొయ్యేది.

టీవీ కింద నల్లపెట్టె పెట్టి
దానికి ఒకే ఒక నియమం రాసిచ్చినా:
ఫోల్డరు తెరువు.
అన్నిటికంటే పెద్ద ఫైలే సినిమా.
తెర నిండా వెయ్యి.
యాడ ఆపినారో గుర్తు పెట్టుకో.

ఏడాది పొడుగునా ఆ లెక్క తప్పలేదు.

మొన్న జూన్‌లో
యామిని పాత క్యామెరా కార్డొకటి దొరికించుకోని
"మనింట్లో చేరిన దినం చూద్దాం నాయనా" అని
అంతా ఒక ఫోల్డర్లో పోసింది.
మీట నొక్కినా.
పాలు పొంగలేదు. ఆవు గడప దాటలేదు.
తెర నిండా నేల.

ఎవరో క్యామెరా ఆపడం మరిచి
వంటపందిట్లో కుర్చీ మీద పడేసినారు.
రెండు గంటల పదకొండు నిమిషాలు
సిమెంటు, సాంబారు బకెట్టు అడుగు,
ఎవరి బిడ్డవో పరిగెత్తే పట్టీలు,
యాభై అయిదంగుళాల వెడల్పున ఒక చీమలబారు.

"ఇదేం సినిమా" అని యామిని ఒకటే నవ్వు.
"తీసెయ్" అనింది వనజాక్షి.
తీసేద్దామనే ముందుకు జరుపుతా ఉన్నా.

గంటా పద్నాలుగో నిమిషం కాడ
రెండు పాదాలొచ్చి నిలబడినాయి.
ఎడమ బొటనవేలికి గోరు లేదు.

ఆ గోరు నా సైకిలు చైన్లో పోయింది.
తొక్కింది నేను. వెనక కూర్చోనుండింది దొరసామన్న.

షాపు వాటా కాడ మాటలు తెగినాయి మాకు.
పత్రిక వేరే మనిషితో పంపించినా.
ముందర వాకిట్లో కండ్లు పెట్టుకోని నేను చూస్తా ఉంటే
ఆయన వంటోళ్ళ దారిలో వచ్చినాడని
ఎవరూ చెప్పలేదు.

"ఏకాంబరం, ఇంకా ఎంత రావల్ల నీకు?"
"రేపిస్తానన్నాడు సామీ, తమ్ముడు."
"రేపు యాడిస్తాడు వాడు. ఇంద.
నా పేరు ఎత్తొద్దు."
నోట్లు లెక్కపెట్టే చప్పుడు.
"పప్పులో ఉప్పు తక్కువైంది, చూడు."

పాదాలు పోయినాయి.
చీమలు ఉండాయి.

మిగులు డబ్బులకు ఏకాంబరం మళ్ళీ రానే లేదు.
మతిమరుపు వంటోడని
నాలుగేండ్లుగా షాపులో అందరికీ చెప్పి నవ్వినాను.

వనజాక్షి ఏమీ అనకుండా రిమోట్ తీసుకోని ఆపింది.
పెట్టె గుర్తు పెట్టుకుంది.
మరుసటి రోజు మీట నొక్కితే
సరిగ్గా ఆ చీమల కాడి నుంచే మొదలైంది.

"నీ నియమం తప్పు నాయనా, సరిచెయ్యి" అంటుంది యామిని.
ఒక్క వరుస మారిస్తే చాలు. ఇంకా మార్చలేదు.

మిట్టూరు ఎంత దూరమని?
నిన్న రాత్రి షట్టరు దించి బండి అటు తిప్పినా.
మలుపులో మామిడి లారీలు అడ్డం,
కాయలు నలిగిన రోడ్డు, హారన్లు.
ఇంజను ఆపలేదు.
ఒక కాలు నేల మీద పెట్టి
నిలబడినా.