ఇరవై ఆరు అరవై ఆరు

ఎనుమాముల మార్కెట్ ఎదురుంగ
మొగిలి అడితి దుకాణంల కంప్యూటర్
రోజుకు నాలుగుసార్లు నీలం మొఖం పెడతాంది.
తక్‌పట్టీలు సగంల ఆగుతానయ్.
బోరాల మీద కూసున్నోళ్లు
నా దిక్కే చూస్తాండ్లు, బాకీ నేనే ఉన్నట్టు.

"మొన్ననే ఇంకో ర్యామ్ ఏయించిన గదా,
ఎనిమిదికి ఎనిమిది కలిస్తే ఉరుకాలె గని
పడుడేంది?" అంటడు మొగిలి.

మూత తీసిన.
లోపలంత పత్తే. ఫ్యాన్ రెక్కలకు తెల్ల మీసాలు.
బ్రష్షుతోని ఊడ్చి,
పిల్లల రబ్బరుతోని బంగారు పండ్లు తోమి పెట్టిన.
గంటసేపు నడిచింది.
చాయ్ వచ్చే యాళ్లకు మళ్ల పడ్డది.

పాతదాన్ని ఒక్కదాన్నే ఉంచి
రాత్రంత పరీక్ష పెట్టిన,
అక్కడ్నే గోనెసంచి పరుసుకొని పన్న.
ఒక్క తప్పు లేదు.
తెల్లారి కొత్తదాన్ని ఒంటరిగ కూసోబెట్టిన.
అదీ సాఫే.
రెండూ మంచియే. మరి తప్పు ఎవలి మీద రాయాలె?

హమాలీ ఓదెలు తొంగిచూసి
"నిమ్మకాయ కట్టరాదు" అన్నడు. నవ్వలేదు.
కట్టేటోన్నే, యాడ కట్టాల్నో తెలిస్తే.

ఫోన్ లైటు ఏసి పట్టీల మీది చీమ రాతలు చదివిన.
పాతది ఇరవై ఆరు అరవై ఆరు.
కొత్తది ముప్పై రెండు వందలు.
ఎవల నడక వాళ్లకు ఉన్నన్ని రోజులు బాగనే ఉండె.
జత కట్టంగనే బోర్డు
కొత్తదాని లెక్క పట్టుకొని ముసలిదాన్ని గుంజుతాంది.

బయోస్‌ల కూసొని వేగం దించిన,
టైమింగులు చేత్తోని రాసిన,
వోల్టేజి చిటికెడు పెంచిన.
పొద్దుమూకేదాక నడిపిచ్చిన. పడలే.

"పైసలైతే ముప్పై రెండు వందల దానికి కట్టిన" అని
మొగిలి ఇంక సణుగుతనే ఉన్నడు.

ప్రింటర్ కదిలింది.
మొదటి తక్‌పట్టి సాంబలక్ష్మిది,
మూడొద్దుల సంది ఆ గోడకే ఆనుకొని ఉన్నది.
కాయితం ట్యూబ్‌లైట్ కింద పట్టి
చదువొచ్చిన మనుమని తీర్గ
ధర కాడ వేలు పెట్టింది.
"బేరమైంది సోమారం నాడు.
గిది సోమారం ధరనా, ఇయ్యాల్టిదా?"

సోమారం నుంచి ఇయ్యాల్టికి
క్వింటాలుకు రెండు వందలు దిగింది.

మొగిలి గల్లాపెట్టె సదురుతాండు.
"మిషన్ ఖరాబుండె గదమ్మా" అన్నడు,
సాక్షానికి నా దిక్కు చూసిండు.

నేను వంగి మూత బిగిస్తాన.
ఎంత బిగించినా
ఒక్క స్క్రూ చేతిల మిగిలింది.