కూర్చునే ఖర్చు

చీటీ పాడుకున్న రాత్రి
పాత బిల్లుపుస్తకం వెనకట్ట మీద
నిలువుగా రెండు గీతలు కొట్టాను.
మనిషికి రోజుకి నలభై ఐదు యూరోలు.
వందతో గుణిస్తున్నా, సున్నాలైతే సులువని.
అటో ఇటో వచ్చే తేడా
వెంకన్న హుండీలో వేసినట్టు అనుకుంటా.

ఊరి పేరు ట్రియెస్టే.
సెల్వమేరి దాన్ని తిరుచ్చెందూరు అన్నంత చనువుగా అంటుంది.
సముద్రం ఒడ్డునే ఉందట.
"మనకి లేదూ సముద్రం?" అంది మా చంద్రలీల
వ్యాసర్పాడి వంటింట్లో బెండకాయలు తరుగుతూ.
ఉంది.
ఆడవాళ్ళకి బస్సు ఉచితం, అలలు ఉచితం,
సుండల్ పొట్లం ఒక్కటే ఖర్చు.
అందుకేనేమో
మన సముద్రాన్ని ఎప్పుడూ లెక్కలో రాసుకోలేదు.

ఆరు మంచాల గదిలో పైమంచం, ఇరవై రెండు.
రైల్లో అప్పర్ బెర్తు అనుకుంటే సరి.
ఆ ఊళ్ళో రాత్రి నిద్రపోయినందుకు
పన్ను, రెండు.
బస్సుకి మూడు. టికెట్టు కొంటే చాలదట,
పెట్టెలో దూర్చి ముద్ర వేయించకపోతే
జరిమానా మూడు రోజుల తిండి.
పొద్దున రొట్టెకి మూడు.
మధ్యాహ్నం చంద్రలీల కట్టిచ్చే అటుకులు, పులిహోర పొడి,
వేణ్ణీళ్ళు అడిగితే కాదనరని ధైర్యం.
రాత్రి ఏదో ఒకటి వేడిగా, పదకొండు.

కాఫీ దగ్గర పెన్ను ఆగింది.
నిలబడి తాగితే ఒకటిన్నర.
కూర్చుని తాగితే నాలుగు.
అదే కాఫీ. అదే కప్పు.

"నిలబడే తాగుదాంలే" అంది సెల్వమేరి,
"మనకి కొత్తా?"

కొత్త కాదు. పంతొమ్మిదేళ్ళు.
టీనగర్లో మూడో అంతస్తు, పట్టు విభాగం.
కొనేవాళ్ళు తెల్లటి పరుపు మీద చేరగిలబడి
ఆ పైది, అది కాదు, దాని పక్కది అంటారు.
నేను అమ్మిన చీరల కన్నా
మళ్ళీ మడిచినవే ఎక్కువ.
మొన్నామధ్య, అమ్మేవాళ్ళకీ కుర్చీ వేయాలని
చట్టం వచ్చింది.
కుర్చీ కూడా వచ్చింది.
దాని మీద మడతపెట్టాల్సిన చీరలు కూర్చున్నాయి.

రాత్రుళ్ళు పిక్కల మీద
నీలగిరి తైలం రాసుకుంటాను.
సీసా నెలకొకటి.
ఆ ఖర్చు ఏ పద్దులోనూ లేదు.

నాలుగులో ఒకటిన్నర పోతే రెండున్నర.
అంటే కుర్చీకి ఒక ధర ఉందన్నమాట,
ఎవరో కూర్చుని లెక్కకట్టారు.
ఈ పంతొమ్మిదేళ్ళకీ
షాపువాళ్ళు నా దగ్గర ఎంత మిగుల్చుకున్నారో
గుణించబోయి
మానేశాను. వందతో కూడా గుణించలేదు.

కొండ మీద కోట ఉందట.
దాని టికెట్టు కోసం రోజుకి రెండున్నర
పక్కన పెట్టి ఉంచాను. కొట్టేశాను.
బయటినుంచి చూస్తే ఏం పోయింది,
షోకేసు ముందు బతికినవాళ్ళమే కదా.

కింద కొత్త వరస రాశాను:
కూర్చోవడం, నాలుగు.
"రోజూనా?" అంది సెల్వమేరి, కళ్ళజోడు పైకి తోసి.
"ఒక్క రోజు ఫోటో కోసం చాలదూ?"
రోజూ అన్నాను.
అక్కడ ఒక గాలి వీస్తుందట, మనుషుల్ని తోసేస్తుందట,
వెనకటికి పట్టుకోడానికి
వీధుల వెంబడి తాళ్ళు కట్టేవారట.
"తాడుకెంత?" అంది ఆశగా.
ఉచితం.
"చూశావా, తాడు పట్టుకుని నిలబడితే..."
నేను వినిపించుకోలేదు.

మొత్తం నలభై ఐదు. పైసా అటు లేదు, ఇటు లేదు.
పార్కులో దిగి, రోడ్డు దాటి,
సెంట్రల్లో ఎక్కిన ఆఖరి లోకల్లో
ఇంకోసారి కూడి చూసుకున్నాను.
బేసిన్ బ్రిడ్జి దాటాక
ఎవరో పెద్దాయన అన్నాడు:
పెట్టెంతా ఖాళీయే కదమ్మా,
ఎందుకలా నిలబడ్డావు?