రాయసం

ఎర్ర ఖారువా గుడ్డ ముడి విప్పితే
ముందు వాసనొస్తది,
గబ్బిలాల రెట్టదీ తుమ్మబంకదీ.
ఆ వెనక బిందుమాధవరావు.

నడిగడ్డల రేవులకోట సంస్థానం.
పన్నెండేండ్లప్పుడు అక్కడ ఇసుక చల్లే పిల్లగాడు:
పెద్ద రాయసం పంక్తి ముగించంగనే
తడి మీద చిటికెడు కృష్ణ ఇసుక పోసి,
నోటితో ఊదకుండ
కాయితం వంచి రాల్చాలె.
జీతం నెలకు రెండు కుంచాల జొన్నలు,
దసరాకు ఒక పంచె.
ఇది నా ఊహ కాదు, పద్దుల ఉంది.

ఫారసీ ఎవరు నేర్పిండ్రో ఎక్కడా లేదు.
ఈ బస్తాకూ ఆ బస్తాకూ నడుమ
తొమ్మిదేండ్లు చెదలు తిన్నయి.
అవతలి ఒడ్డున తేలేసరికి
రాజు నాలుక అతనిదే.

"మేము క్షేమం, తమ క్షేమం కోరుతున్నాము."
"మా ఏనుగు కాలు జారినందున
పేష్కష్ ఆలస్యమాయెను."
"మా ఓర్పును చెరువు తూమనుకోవద్దు."
మేము అంటే రాజు.
రాజు కత్తిబొమ్మ గీసి మొహరు ఒత్తేటోడు, అంతే.
ఆ 'మేము' నాకు తెలుసు.
కలెక్టరాఫీసుల పదకొండేండ్లుగా
'ఆదేశానుసారం' అని టైపు కొడుతున్న,
కింద పేరు ఇంకొకరిది.

ఒకసారి పట్నం నుంచి
రెండు వేల గుర్రాలు బయల్దేరినయి.
ఇతను పదకొండు పంక్తులు రాసిండు.
గుర్రాలు ఏట్ల నీళ్లు తాగి మళ్లిపోయినయి.
ఆ నకలు నా చేతుల ఉంది.
బెదిరింపు లేదు, బతిమాలుట లేదు,
మామిడిపండ్లు పంపుతున్నమని ఉంది.
ఏ తోటవి, ఏ పొద్దున కోసినవి,
ఏ గడ్డిల మాగేసినవి, అన్నీ చెప్పి
ఎన్ని బండ్లో మాత్రం చెప్పలే.
బండ్లల్ల అడుగున ఏముందో కూడా.

ఆ ఏడే పాలకీ.
మరుసటేడు గుండ్లరేవు ఇనాం, నువ్వుల పన్నుతో సహా.
వెండి కలందాను. ఆఖరికి గొడుగు.
గొడుగొక్కటే గాని
దాని నీడల ఎంతమంది!
తమ్ముండ్లు, బామ్మర్దులు, అమీను కొలువు కావాలన్నోడు,
అప్పు ఎగ్గొట్టిన కోమటి,
తాంబూలం మోసే పిల్లగాని మేనమామ.

రాజు పోయిండు.
కొడుకు గద్దెనెక్కిండు.
కొత్త రాజుకు చదువొచ్చు.
అదే చేటు.

పాత నకళ్లన్నీ తెప్పించుకొని
మూడు రాత్రులు దీపం కింద చదివిండంట.
నాలుగోనాడు పిలిచి అడిగిండు:
"ఈ 'మేము'ల మా నాయనెంత, నువ్వెంత?"
జవాబు దాఖలా లేదు.

జప్తు ఉత్తరువు ఉంది.
"రాయసం బిందుమాధవుని కొలువు నుంచి
మేము తీసివేసినాము.
పాలకీ ఒకటి, గొడుగు ఒకటి, వెండి కలందాను ఒకటి,
గుండ్లరేవు మొత్తం
సర్కారుల జమ చేసుకొనునది."
దస్తూరీ అతనిదే.
వేరే రాయసం ఇంక దొరకలేదేమో,
లేకుంటే పిల్ల రాజుకు ఆ ముచ్చటే కావాల్నో.
చెయ్యి వణకలే.
'ళ' తోక ఎప్పటి లెక్కనే మెలి తిరిగింది.
ఏమీ దాచలే ఈసారి,
ఏ లెక్కా వదలలే.

గుండ్లరేవు ఇప్పుడు డ్యాము నీళ్ల కింద ఉంది.
ఐదు కొట్టింది, తాళం వెయ్యాలె.
ముడి వేసే ముందు మల్లొక్కసారి
ఆ కాయితం మీద వేలు పెట్టిన.
'మేము' దగ్గర
ఇసుక కొంచెం ఎక్కువ పడ్డది.
ఎవరూ వంచి రాల్చలే.
గోటి సందున ఇంక గరగరమంటున్నది.